తెరపై నెమలికంఠం, చీరపై వేరే రంగు: డిజిటల్ ప్రింటింగ్‌లో రంగును కొలిచి పట్టుకునే శాస్త్రం

సూరత్ నుంచి భరూచ్ వైపు రైలులో వెళుతుంటే దారిలో కిమ్ అనే ఊరు వస్తుంది. అదే పేరున్న నది పక్కన ఉన్న పట్టణం. దాని చుట్టూ పిపోదరా, కరంజ్, కోసంబా వరకు షెడ్ల వరుసలే. పాలిస్టర్ నూలు, మరమగ్గాలు, బట్టకు రంగు, ప్రింటు వేసే యూనిట్లు ఈ ప్రాంతమంతా పరచుకుని ఉన్నాయి. కృత్రిమ నూలు బట్టలకు దేశంలోనే పెద్ద కేంద్రమైన సూరత్ తెలుగువారికి కొత్త కాదు. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పనికోసం వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ వంటి పేటల్లో తరాలుగా స్థిరపడ్డాయి. తెలుగు ఊళ్ళలోని బట్టల దుకాణాల్లో తక్కువ ధరకు దొరికే ప్రింటు చీరలెన్నో ఇక్కడి నుంచే వస్తాయి.

ఆ చీర మీది పువ్వు ఇప్పుడు చాలావరకు చెక్క అచ్చుతో మొదలవడం లేదు. కంప్యూటర్ ఫైలుతో మొదలవుతోంది. చిక్కు కూడా అక్కడే మొదలవుతోంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక వ్యాపారి తన ఫోనులో నెమలికంఠం రంగు చీర డిజైన్ చూసి బాగుందన్నాడు. 200 చీరలకు ఆర్డరు ఇచ్చాడు. జాకెట్టు ముక్కతో కలిపి చీరకు 6.3 మీటర్ల చొప్పున 1260 మీటర్ల బట్ట. ప్రింటు అయి వచ్చాక చూస్తే ఆ మెరిసే నీలిపచ్చ రంగు లేదు, కాస్త మురికిపట్టినట్టున్న రంగు ఉంది. వ్యాపారి సరుకు తీసుకోనన్నాడు. డిజైనర్ తన ఫైలు సరిగ్గానే ఉందన్నాడు. ప్రింటింగ్ యూనిట్ ఫైలులో ఏముందో అదే వేశామంది. చిత్రమేమిటంటే ముగ్గురూ నిజమే చెబుతున్నారు. పాలిస్టర్‌లోకి దిగిన రంగును ఉతికి తీసేయడం కుదరదు. మహా అయితే ఇంకా ముదురు రంగులో ముంచి వేరే సరుకుగా అమ్ముకోవాలి. ఏ రంగుకు ఒప్పుకున్నారో కొలతగా రాసుకోకపోతే, మీటరుకింత అని కూలికి ప్రింటు వేసినవారి మీదే ఈ నష్టం పడే అవకాశం ఎక్కువ.

అంకె ఒక్కటే, రంగులు వేరు

కంప్యూటర్ ఫైలులో రంగు ఉండదు, అంకెలుంటాయి. ప్రతి చుక్కకూ మూడు అంకెలు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. మామూలుగా ఒక్కోటి 0 నుంచి 255 వరకు ఉంటుంది. దీన్నే ఆర్‌జీబీ పద్ధతి అంటారు. 0, 128, 128 అని రాస్తే ఎర్ర దీపం ఆర్పి, ఆకుపచ్చ, నీలం దీపాలను ఫలానా మేరకు వెలిగించమని తెరకు చెప్పినట్టు. అయితే ఏ దీపం? ఒక ఫోను తెరలోని ఆకుపచ్చ ఇంకో ఫోను తెరలోని ఆకుపచ్చ లాంటిది కానక్కరలేదు. ఫోన్ల దుకాణంలో పక్కపక్కనే పెట్టిన పది ఫోన్లలో ఒకే ఫోటో చూస్తే తేడా తెలిసిపోతుంది. గరిటె ఎంతదో చెప్పకుండా 'రెండు గరిటెల నూనె వెయ్యండి' అన్నట్టే ఈ అంకెలు. రాత్రిపూట కళ్ళకు హాయిగా ఉండాలని ఫోను తెరను పసుపు ఛాయలోకి మార్చే సదుపాయం ఆన్‌లో ఉంటే ఆ గరిటె ఇంకా మారిపోతుంది.

ఈ గరిటె కొలతను అందరికీ ఒకటిగా చేయాలని హ్యూలెట్ ప్యాకార్డ్, మైక్రోసాఫ్ట్ సంస్థలు 1996లో ఎస్‌ఆర్‌జీబీ అనే పద్ధతిని ప్రతిపాదించాయి. 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. ఫైలుతో పాటు 'ఇవి ఎస్‌ఆర్‌జీబీ అంకెలు' అనే చీటీ ఉంటేనే 0, 128, 128 అంటే కచ్చితంగా ఏ రంగో చెప్పగలం. ఆ చీటీ లేని ఫైలు సగం ఫైలే.

ప్రింటింగ్ యంత్రం సంగతి ఇంకా వేరు. తెర వెలుగును కలుపుతుంది, ఇంకు వెలుగును తీసేస్తుంది. తెల్లబట్ట మీద పడిన వెలుగులోంచి సయాన్ ఇంకు ఎరుపును మింగుతుంది, మెజెంటా ఆకుపచ్చను, పసుపు ఇంకు నీలాన్ని మింగుతాయి. మిగిలి వెనక్కి వచ్చిన వెలుగే కంటికి కనిపించే రంగు. ముదురు ఛాయల కోసం నల్ల ఇంకు తోడవుతుంది. ఈ నాలుగింటి పద్ధతి సీఎంవైకే. ఇందులో లోపం ఏమిటంటే ఏ ఇంకూ తన పనికి మాత్రమే పరిమితం కాదు. సయాన్ ఎరుపుతో పాటు కొంత ఆకుపచ్చను, కొంత నీలాన్ని కూడా మింగేస్తుంది. అందుకే తెరపై వెలిగిపోయే చిలకపచ్చ, నీలం రంగులు బట్ట మీద చప్పబడతాయి.

ఎస్‌ఆర్‌జీబీలో స్వచ్ఛమైన నీలం, అంటే 0, 0, 255, దీనికి చెప్పుకోదగిన ఉదాహరణ. నాలుగు ఇంకుల ప్రింటింగ్‌లో దాన్ని అందుకోవడం కుదరదు. సరిగ్గా మార్చకపోతే అది వంకాయ రంగు వైపు జారిపోతుంది. ఒక పరికరం చూపగల రంగులన్నింటి మొత్తాన్ని దాని గ్యామట్ అంటారు. తెర గ్యామట్ పెద్దది, ప్రింటు గ్యామట్ చిన్నది అని అందరూ అనుకునేది పూర్తిగా నిజం కాదు. సయాన్, పసుపు దగ్గర మంచి ఇంకులు ఎస్‌ఆర్‌జీబీ హద్దు దాటి పోగలవు. రెండు ఆకారాలు వేరు, అంతే. ఒకదాని మూల ఇంకోదాని బయట ఉంటుంది.

పదిహేడు మంది కళ్ళు

తెర భాష వేరు, ఇంకు భాష వేరు అయినప్పుడు రెండింటికీ తెలిసిన మూడో భాష కావాలి. ఆ భాష పరికరాల మీద ఆధారపడకూడదు, మనిషి కన్ను మీద ఆధారపడాలి. దానికి పునాది 1920లలో ఇంగ్లండులో జరిగిన ప్రయోగాలు. డబ్ల్యు.డి. రైట్ పదిమందితో, జాన్ గిల్డ్ ఏడుగురితో పరీక్షలు చేశారు. ఒక పక్క ఒకే తరంగదైర్ఘ్యం ఉన్న వెలుగు, ఇంకో పక్క మూడు మూల వెలుగుల మిశ్రమం. రెండూ ఒకేలా కనిపించేదాకా మిశ్రమాన్ని సర్దమన్నారు. ఆ పదిహేడు మంది సర్దుబాట్ల సగటు మీదే అంతర్జాతీయ కాంతి సంఘం సీఐఈ 1931లో 'ప్రామాణిక వీక్షకుడి'ని నిర్వచించింది. ఈరోజు కిమ్‌లో ఒక చీర రంగును పరికరంతో కొలిచినా, ఆ కొలత వెనుక ఉన్నది ఆ పదిహేడు జతల కళ్ళ నాటి లెక్కే.

1976లో సీఐఈ ల్యాబ్ అనే కొలమానం తెచ్చింది. పేరు చూసి ప్రయోగశాల అనుకోకూడదు. ఎల్, ఏ, బీ అనే మూడు అక్షరాలవి. ఎల్ అంటే వెలుతురు మోతాదు, 0 నలుపు, 100 తెలుపు. ఏ పెరిగితే ఎరుపు వైపు, తగ్గితే పచ్చ వైపు. బీ పెరిగితే పసుపు వైపు, తగ్గితే నీలం వైపు. పైన చెప్పిన తెర నీలం విలువలు పగటి వెలుగు ప్రమాణం కింద సుమారు ఎల్ 32, ఏ 79, బీ మైనస్ 108. దుకాణంలో 'రాణి రంగు', 'రామా గ్రీన్' అంటే ఒక్కొక్కరికి ఒక్కో ఛాయ గుర్తొస్తుంది. ఈ మూడు అంకెలు చెప్తే వాదన ఉండదు.

1993లో ఎనిమిది కంపెనీలు కలిసి అంతర్జాతీయ వర్ణ కూటమి ఐసీసీని ఏర్పాటు చేశాయి. పరికరం అంకెలకూ ఈ కొలత అంకెలకూ మధ్య నిఘంటువు లాంటి ఫైలుకు ఒక పద్ధతి కుదిర్చాయి. దాని పేరే ప్రొఫైల్. తెరకొక ప్రొఫైల్, ప్రింటింగ్ యంత్రానికొక ప్రొఫైల్ ఉంటాయి. తెర అంకెలు మొదట కొలత అంకెలవుతాయి, తర్వాత ఇంకు అంకెలవుతాయి.

ఆవిరై బట్టలోకి దూరే ఇంకు

కాగితం మీది ప్రింటుకు రాసిన పాఠాలు పాలిస్టర్ చీరకు పూర్తిగా సరిపోవు. పాలిస్టర్‌కు నీళ్ళంటే పడదు, నూలు బట్టకు వేసే రంగులు దానికి పట్టవు. దానికి వాడేవి డిస్పర్స్ రంగులు. ఈ రకం డిజిటల్ ప్రింటింగ్‌లో ఎక్కువగా వాడే పద్ధతిలో ముందు ఒక ప్రత్యేకమైన కాగితం మీద బొమ్మను అద్దంలో చూసినట్టు తిరగేసి ప్రింటు చేస్తారు. తర్వాత కాగితాన్నీ బట్టనూ కలిపి సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న రోలర్ మీదుగా పంపుతారు. ఆ వేడికి రంగు కరగకుండానే నేరుగా ఆవిరవుతుంది. అదే సమయంలో పాలిస్టర్‌లోని పొడవాటి అణువుల గొలుసులు వదులవుతాయి. ఆవిరి వాటి మధ్యకు దూరుతుంది. చల్లారాక గొలుసులు మళ్ళీ బిగుసుకుని రంగును లోపలే బంధిస్తాయి. ఉతికితే పోదనేది ఇందుకే.

ఈ యంత్రాల దగ్గర మొదటిసారి నిలబడినవారు కాగితం చూసి కంగారు పడతారు. దాని మీద రంగులన్నీ మసకగా, బూడిద కలిసినట్టు ఉంటాయి. వేడి తగిలాకే అసలు రంగు బయటపడుతుంది. కాబట్టి కాగితాన్ని కొలవడం వృథా, కొలవాల్సింది బట్టనే. ఇంకో పర్యవసానం కూడా ఉంది. ఇక్కడ 'ప్రింటింగ్ యంత్రం' అంటే ఇంకు చిమ్మే యంత్రం ఒక్కటే కాదు. ఇంకు, కాగితం, వేడి, సమయం, ఒత్తిడి, బట్ట అన్నీ కలిస్తేనే ఒక యంత్రం. వీటిలో ఏది మారినా పాత ప్రొఫైల్ అబద్ధం చెబుతుంది.

వేగం సంగతే చూడండి. రోలర్‌కు బట్ట అంటుకుని ఉండే పొడవు 1.5 మీటర్లు అనుకుందాం. నిమిషానికి 3 మీటర్ల వేగంతో బట్టకు 30 సెకన్ల వేడి అందుతుంది. ఆర్డరు తొందరలో వేగాన్ని 4 మీటర్లకు పెంచితే 22.5 సెకన్లే. నాలుగు రంగుల అణువులూ ఒకే బరువు ఉండవు, అన్నీ ఒకేలా ఆవిరవవు. సమయం తగ్గితే కొన్ని పూర్తిగా దిగుతాయి, కొన్ని కాగితంలోనే మిగిలిపోతాయి. నలుపు గోధుమ ఛాయకో పచ్చ ఛాయకో జారిందంటే ముందు ఫైలును కాదు, రోలర్ వేడిని, వేగాన్ని చూడాలి. ఫైలులో అంకెలు తెలియకుండానే మారిపోయాయని డిజైనర్‌ను నిందించే సందర్భాల్లో కొన్నయినా నిజానికి ఈ ఏడున్నర సెకన్ల తేడాలే అయి ఉంటాయి.

అందువల్ల ప్రొఫైల్ తయారీకి ముందు యంత్రాన్ని ఒక స్థితిలో నిలబెట్టాలి. ఇంకు చిమ్మే నాజిళ్ళన్నీ పనిచేస్తున్నాయో లేదో నమూనా గీతలతో చూస్తారు. వేడి, వేగం ఖాయం చేసి రాసిపెడతారు. తర్వాత ఒక్కో ఇంకు మోతాదును కొద్దికొద్దిగా పెంచుతూ పట్టీలు వేసి, ఏ మోతాదుకు ఎంత రంగు వస్తుందో కొలుస్తారు. 50 శాతం ఇంకు వేస్తే సగం ముదురు వస్తుందనుకోవడం పొరపాటు, సాధారణంగా అంతకన్నా ముదురే వస్తుంది. దాన్ని సరిదిద్దుతారు. నాలుగు ఇంకులూ పూర్తిగా వేస్తే మొత్తం 400 శాతం. అంత తడిని కాగితం మోయలేదు, ముడతలు పడుతుంది, ఇంకు పాకుతుంది. కాబట్టి మొత్తం ఇంకుకు ఒక హద్దు పెడతారు. ఒక మోతాదు దాటాక ఇంకు పెంచినా బట్ట మీద ముదురు పెరగదు, ఖర్చు మాత్రం పెరుగుతుంది. ఈ హద్దు ఎక్కడుందో కొలిచినవారికి ఇంకు డబ్బులు కూడా మిగులుతాయి.

ఇవన్నీ అయ్యాకే వందల గళ్ళున్న రంగుల పట్టికను అదే కాగితం మీద ప్రింటు చేసి, అదే బట్టకు వేడితో దించి, గడి గడినీ స్పెక్ట్రోఫోటోమీటర్‌తో చదువుతారు. ఈ పరికరం సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల దాకా ఉన్న వెలుగును చిన్న చిన్న భాగాలుగా విడదీసి, ఒక్కో భాగంలో ఎంత వెనక్కి వచ్చిందో చెబుతుంది. 10 నానోమీటర్లకు ఒకసారి చదివితే 31 అంకెలు. 256 స్థాయిల ఆర్‌జీబీలో 1,67,77,216 కలయికలు సాధ్యం. అన్నీ ప్రింటు చేసి చూడలేరు కదా, కొలిచిన గళ్ళ మధ్యలోని విలువలను సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది.

జార్జెట్ లాంటి పలచటి బట్టతో ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. కింద ఏముంటే అది పైకి కనిపిస్తుంది. ఒక పొరను నల్లబల్ల మీద, ఇంకో రోజు తెల్లకాగితం మీద పెట్టి కొలిస్తే రెండు వేర్వేరు బట్టల్లా అంకెలొస్తాయి. కింద వెలుగు దూరనంతగా మడతలు వేసో, ఎప్పుడూ ఒకే తెల్ల ఆధారం మీద పరచో కొలవాలి. శాటిన్‌కు మెరుపుంది, నేత దిశను బట్టి రంగు మారినట్టనిపిస్తుంది. శాటిన్‌కు చేసిన ప్రొఫైల్‌తో జార్జెట్ వేయడం ఒకరి కొలతలకు కుట్టిన జాకెట్టును ఇంకొకరికి తొడగడమే.

ఫైలును ఎలా సిద్ధం చేయాలి

డిజైనర్లు చాలామంది మంచి ఉద్దేశంతోనే చేసే తప్పు ఒకటుంది. 'ప్రింటుకు వెళ్తోంది కదా' అని ఫైలును ముందే సీఎంవైకేలోకి మార్చేస్తారు. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా ఉండే సీఎంవైకే అమరిక పత్రికలు, పుస్తకాలు అచ్చువేసే ఆఫ్‌సెట్ ఇంకులకు, కాగితానికి చేసింది. పాలిస్టర్ మీద డిస్పర్స్ రంగులు చూపగల కొన్ని మెరుపు రంగులు ఆ కాగితపు హద్దుల్లో లేవు. మార్చిన క్షణంలోనే అవి తెగిపోతాయి, తర్వాత తిరిగి ఆర్‌జీబీలోకి మార్చినా రావు. కాబట్టి యూనిట్ తన ప్రొఫైల్ ఇవ్వనంతవరకు ఫైలును ఆర్‌జీబీలోనే, దాని ప్రొఫైల్‌ను అంటిపెట్టి పంపడం మేలు. సందేశాల యాప్‌లో ఫోటోగా పంపితే బొమ్మ కుంచించుకుపోతుంది, ప్రొఫైల్ చీటీ ఊడిపోవచ్చు. ఫైలును ఫైలుగానే పంపాలి.

యూనిట్ తన ప్రొఫైల్ ఇస్తే ఇంకా మంచిది. అప్పుడు సాఫ్ట్‌వేర్‌లోని సాఫ్ట్ ప్రూఫ్ సదుపాయంతో, బట్ట మీద ఆ రంగు ఎలా వస్తుందో తెరపైనే ముందుగా చూడవచ్చు. దీనికి తెర కూడా నిజం చెప్పాలి. కొలత పరికరంతో సరిదిద్దిన తెర, దాని మీద నేరుగా వెలుగు పడని గది, వెనుక రంగుల గోడ లేకపోవడం అవసరం. సాఫ్ట్ ప్రూఫ్‌లో గ్యామట్ దాటిన చోట్లను సాఫ్ట్‌వేర్ గుర్తుపెట్టి చూపిస్తుంది.

గ్యామట్ దాటిన రంగును ఏం చేయాలన్నది నిర్ణయించుకోవాల్సిన విషయం. బొమ్మలోని రంగులన్నింటినీ ఒకదానితో ఒకటి పొందిక చెడకుండా లోపలికి కుదించడం ఒక దారి. పూల రేకుల్లో లేతనుంచి ముదురుకు జారే ఛాయలున్న డిజైన్‌కు ఇది నప్పుతుంది, దీన్ని పర్సెప్చువల్ అంటారు. లోపలున్న రంగులను కదపకుండా, బయటున్న వాటిని మాత్రం దగ్గరి హద్దుకు చేర్చడం ఇంకో దారి. రిలేటివ్ కలరిమెట్రిక్ అనే ఈ దారి ఒకే రంగు అంచు, చదునైన పల్లూ లాంటి వాటికి పనికొస్తుంది. దీనితో రేకుల చివర రెండు మూడు ఛాయలు కలిసి ఒకే ముద్దగా మారే ప్రమాదం ఉంది. వ్యాపారికి చూపించే బొమ్మ మాత్రం ఈ కుదింపు అయ్యాక వచ్చిందే అయి ఉండాలి. అసలు చూపలేని రంగును ఫోనులో చూపించి ఆర్డరు తెచ్చుకోవడమే పై ఉదాహరణలోని గొడవకు మూలం.

ట్యూబులైటు కింద కలిసి, ఎండలో విడిపోయే ఎరుపు

పెడన కలంకారీ లాంటి చేతిపని బట్టను స్కాన్ చేసి ఆ పూలను పాలిస్టర్ మీద వేసే పని మార్కెట్లో మామూలైంది. చేతి అద్దకం వారికి అది చేసే నష్టం వేరే చర్చ. రంగు శాస్త్రం వైపు నుంచి మాత్రం అందులో ఒక పాఠముంది. మంజిష్ఠ, పటిక కలిసి ఇచ్చే ఎరుపునూ, మెజెంటా, పసుపు డిస్పర్స్ రంగులు కలిపి వేసిన ఎరుపునూ ట్యూబులైటు కింద తేడా తెలియనంతగా కలపవచ్చు. రెండింటినీ ఎండలోకి తెస్తే ఒకటి ఇటుక వైపు, ఒకటి గులాబీ వైపు జరిగినట్టనిపించవచ్చు. దీన్ని మెటామెరిజం అంటారు.

కారణం కంటిలోనే ఉంది. రంగును గుర్తించే కణాలు మూడు రకాలే. వెనక్కి వచ్చిన వెలుగులో ఎంత వైవిధ్యమున్నా కన్ను దాన్ని మూడు సంకేతాలుగా కుదిస్తుంది. రెండు వేర్వేరు వెలుగులు ఒకే మూడు సంకేతాలను ఇవ్వవచ్చు. నాలుగు ఇంకులతో లోకంలోని ఇన్ని రంగులను నమ్మించగలగడం ఈ కుదింపు పుణ్యమే. దీపం మారినప్పుడు ఆ నమ్మకం చెదరడానికీ అదే కారణం. అందుకే బట్టను డీ65 అనే పగటి వెలుగు ప్రమాణం కిందా, దుకాణాల ట్యూబులైటును పోలిన టీఎల్84 కిందా, పాతకాలపు బల్బు లాంటి ఏ దీపం కిందా పెట్టి చూసే పెట్టెలు వాడతారు. కాగితం అచ్చులో అలవాటైన ప్రమాణం డీ50, ఐసీసీ ప్రొఫైళ్ళ లెక్క కూడా దాని మీదే నడుస్తుంది. బట్టల వ్యాపారంలో డీ65 చెల్లుతుంది. ఏ దీపం కింద ఒప్పుకుంటున్నారో ముందే రాసుకోకపోతే ఇద్దరి కొలతలూ సరైనవే అయ్యుండి కూడా కలవవు.

తెల్లబట్టకు మెరుపు తెచ్చే రసాయనాలు ఇంకో మెలిక. అవి కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను తీసుకుని నీలం వెలుగుగా వదులుతాయి. ఎండలో ఆ బట్ట ఎక్కువ తెల్లగా, ఆ కిరణాలు లేని దీపం కింద కాస్త పసుపుగా ఉంటుంది. కొలత పరికరంలో ఆ కిరణాలను ఆపే ఫిల్టరు ఉందా లేదా అన్నది ఇలాంటప్పుడు తేడా తెస్తుంది.

తేడా ఎంత?

మొదట చెప్పిన నెమలికంఠం దగ్గరికి వద్దాం. ఒప్పుకున్న రంగు ఎల్ 45, ఏ మైనస్ 18, బీ మైనస్ 20 అనీ, వచ్చిన బట్ట ఎల్ 47, ఏ మైనస్ 15, బీ మైనస్ 14 అనీ అనుకుందాం. తేడాలు 2, 3, 6. వాటి వర్గాలు 4, 9, 36. మొత్తం 49, దాని వర్గమూలం 7. ఈ దూరాన్నే డెల్టా ఈ అంటారు. పక్కపక్కన పెడితే 1 దగ్గర తేడాను నిపుణుల కన్ను పట్టగలదు. 7 అయితే ఎవరైనా చెబుతారు. ఎక్కువ భాగం బీలోనే ఉంది కాబట్టి నీలం తగ్గిందని, ఎటు సరిచేయాలో కూడా ఆ అంకెలే చెబుతాయి.

అయితే ఈ సాదా దూరం కంటి తీరును పూర్తిగా పట్టదు. బూడిద రంగులో చిన్న తేడాను కన్ను వెంటనే పట్టేస్తుంది, మిరపపండు ఎరుపులో అంతే తేడాను ఓర్చుకుంటుంది. అద్దకం నిపుణుల సంఘమైన సొసైటీ ఆఫ్ డయ్యర్స్ అండ్ కలరిస్ట్స్ కమిటీ 1984లో ఇచ్చిన సీఎంసీ సూత్రం ఈ తీరును లెక్కలోకి తీసుకుంది. బట్టల వ్యాపారంలో అదే ఎక్కువ వాడుకలో ఉంది. 2000 నాటి డెల్టా ఈ సూత్రం ఇంకా మెరుగైనది. ఒప్పందంలో 'తేడా 1 దాటకూడదు' అని రాసేటప్పుడు ఏ సూత్రం ప్రకారమో రాయకపోతే ఆ 1కి అర్థం లేదు.

స్పెక్ట్రోఫోటోమీటర్ అందరికీ అందే ధరలో లేదు. అది లేని చిన్న యూనిట్ కూడా చేయగలిగింది ఒకటుంది. ప్రతి లాటుకూ బట్ట అంచులో నాలుగు ఇంకుల గళ్ళు, ఒక బూడిద గడి ఉన్న సన్నటి పట్టీ ప్రింటు చేయడం. ఇంకుల సమతూకం ఏమాత్రం చెదిరినా ముందు తెలిసేది బూడిద గడిలోనే, అది గులాబీకో పచ్చకో తిరుగుతుంది. వ్యాపారి సంతకంతో ఒప్పుకున్న బట్టముక్కను రెండుగా చించి, ఒకటి అతనికిచ్చి, ఇంకోటి వెలుగు తగలని కవరులో దాచి, దాని మీద తేదీ, బట్ట రకం, ఇంకు, రోలర్ వేడి, వేగం రాసిపెడితే, మళ్ళీ ఆర్డరు వచ్చినప్పుడు పోల్చాల్సింది ఫోనుతో కాదు, ఆ ముక్కతో. 1260 మీటర్లు రోలర్ మీదికి ఎక్కకముందు మొదటి మీటరు అంచును కత్తిరించి, ఆ ముక్క పక్కన పెట్టి, గుమ్మం దగ్గరి పగటి వెలుగులో చూడటానికి పట్టేది కొద్ది నిమిషాలే.